పుట్టలో కలుపు

ముసురు పట్టి రెండు మూడు రోజులు వదలకుండా కురిసి, నాలుగో రోజు పొద్దున తెరిపిచ్చిందంటే రామన్నపేట చుట్టుపక్కల చెలకల్లో కొందరి చూపు పత్తి మీద నిలవదు. గెట్ల వెంట, వేపచెట్ల మొదళ్లలో, తుమ్మకంపల చాటున ఉన్న పుట్టల మీదకు పోతుంది. తడిసిన మట్టిని పగలదీసుకుని తెల్లటి మొగ్గలు పైకి లేచి ఉంటాయి. గొడుగు పూర్తిగా విచ్చుకోకముందే మొదలు పట్టుకుని మెల్లగా లాగి, తువ్వాలలో మూటగట్టుకుని ఇంటిదారి పడతారు. ఏ పుట్ట దగ్గర దొరికాయో పక్క చెలక ఆయనకు కూడా చెప్పరు. వచ్చే ఏడు మళ్లీ అక్కడే లేస్తాయని తెలుసు కదా.

పుట్టగొడుగు. ఆ మాటను విడదీసి చూస్తే సగం కథ అందులోనే ఉంది. పుట్టకు పట్టిన గొడుగు. పెంటకుప్పల మీద, కుళ్లిన మొద్దుల మీద మొలిచేవాటిని ఊళ్లో కుక్కగొడుగులని పక్కన పెడతారు. పుట్టతో చుట్టరికం ఉన్నదే పుట్టగొడుగు. ఇవాళ బజారులో ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్మే తెల్లటి బటన్ రకాన్ని కూడా అదే పేరుతో పిలుస్తున్నారు గానీ, అది పుట్టి పెరిగేది షెడ్డులో. పుట్ట మొహం అది ఎన్నడూ చూడలేదు. అసలైన పుట్టగొడుగును మాత్రం ఏ షెడ్డులోనూ అమ్మకానికి సరిపడా పండించడం ఇంతవరకు ఎవరివల్లా కాలేదు. దాని సేద్యం తెలిసిన రైతు ఒక్కటే. దాన్ని చూడగానే కిరోసిన్ డబ్బా కోసం వెతుకుతాం కాబట్టి, దానికి రైతు అనే పేరు అంత తేలిగ్గా రాదు. అది చెద.

మూడు కోట్ల ఏళ్లుగా సాగుతున్న ఆ సేద్యంలో అన్నిటికంటే పెద్ద చిక్కు ప్రతి రైతుకూ తెలిసినదే. కలుపు.

చీమల పేరు, చెదల పని

సుమతీ శతకం చదివిన వాళ్లకు పుట్టలు పెట్టేది చీమలే. కష్టం చీమలది, కాపురం పాములది అన్నది తెలుగునాట బడికి పోనివాళ్లకు కూడా తెలిసిన మాట. లోకనీతిగా అందులో తప్పులేదు. జీవశాస్త్రంగా చూస్తే మాత్రం కష్టం చేసినవాళ్ల పేరే తప్పుపడింది. చెలకల్లో గడ్డపారకు కూడా లొంగకుండా నిలబడే ఆ గట్టి పుట్టల్ని కట్టేది చెదలు. ఇంగ్లీషువాళ్లూ ఇదే పొరపాటు చేసి వాటిని తెల్లచీమలన్నారు. చెద చీమకు దగ్గరి చుట్టం కాదు, బొద్దింకకు చుట్టం. పైగా చెద జాతికి బద్ధశత్రువు చీమే. పుట్టకు ఎక్కడ చిన్న కన్నం పడినా మొదట దూరేది చీమల దండు.

అయితే బూజును సాగుచేసే చీమలు నిజంగానే ఉన్నాయి. మన దేశంలో కాదు, అమెరికా ఖండాల్లో మాత్రమే. సుమారు 250 జాతులు. వాటిలో ఆకుకత్తెర చీమలు చెట్ల ఆకుల్ని ముక్కలుగా కోసి, తలమీద జెండాల్లా మోసుకుంటూ బారులు తీరి పుట్టలోకి పోతాయి. ఆ ఆకులు తినడానికే అని అందరూ అనుకున్నారు. నికరాగువాలో గని పనిమీద ఉన్న థామస్ బెల్ట్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1874లో అచ్చయిన తన పుస్తకంలో, కాదు, అవి ఎరువు, దానిమీద బూజు పెంచుకుని ఆ బూజును తింటున్నాయని రాశాడు. 1893లో జర్మనీ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ మోలర్ బ్రెజిల్లో ఆ తోటల్ని తవ్వి చూసి అది నిజమేనని తేల్చాడు.

ఆ తర్వాత వందేళ్ల పాటు చీమల తోట గురించి అందరిదీ ఒకటే మాట: అందులో ఒకే పంట, మరో మొక్క కనబడదు, అంత శుభ్రంగా ఉంచుతాయి. 1999లో కెమరన్ క్యూరీ అనే యువ పరిశోధకుడు ఆ శుభ్రం వెనుక ఏముందో బయటపెట్టాడు. ఎస్కోవోప్సిస్ అనే బూజు ఒకటి ఆ తోటల్లోనే కాచుకుని ఉంటుంది. అది పంట బూజును తినే బూజు. చీమలు ఏమరితే తోట మొత్తాన్ని మింగేస్తుంది. చీమల ఒంటిమీద తెల్లటి పొడిలాంటిది ఉంటే, అదేదో మైనపు పూత కాబోలని పాతవాళ్లు వదిలేశారు. అది పూత కాదు, బాక్టీరియా. అది తయారుచేసే మందు ఎస్కోవోప్సిస్‌ను ఎదగనివ్వదు. మనిషి పెన్సిలిన్ కనుక్కోవడానికి లక్షల ఏళ్ల ముందే చీమ తన మందుల దుకాణాన్ని చొక్కాలా తొడుక్కుని తిరుగుతోంది. బూజు పట్టిన ముక్కల్ని కొరికి బయట పారేయడం, తోటలోని ప్రతి పోగునూ నోటితో దువ్వి పరాయి బీజాల్ని ఏరేయడం వాటి రోజువారీ పని. క్యూరీ, ఆయన సహచరుడు దీన్ని 2001లో వివరంగా రాసినప్పుడు వాడిన మాట కలుపుతీత.

చెద మడి

మళ్లీ మన చెలకలోకి వద్దాం. నిన్నమొన్నటి దాకా నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా అయిన ఈ ప్రాంతమంతా ఎర్ర చల్క నేల. బీబీనగర్–నడికుడి మార్గంలో రైలు రామన్నపేట దాటుతుంటే కిటికీలోంచి కనిపించే దృశ్యంలో తాటిచెట్లు ఎంత భాగమో పుట్టలూ అంతే భాగం. దక్షిణ భారతంలో గోపురాల్లా, చుట్టూ నిలువు మడతలతో లేచే పుట్టలు ఎక్కువగా ఒడొంటోటెర్మిస్ ఒబెసస్ అనే చెద జాతివి.

పైన కనిపించేది కోట గోడ మాత్రమే. లోపల, నేలమట్టానికి కిందా పైనా, అరలు అరలుగా మడులుంటాయి. ఒక్కో అరలో స్పంజిలాంటి, మెదడు మడతల్లాంటి గోధుమరంగు ముద్ద. దాన్ని పనిచెదలు తమ మలంతోనే కడతాయి. బయటినుంచి ఎండుగడ్డి, రాలిన ఆకు, చచ్చిన కట్టె, ఎండిన పేడ కొరికి తెస్తాయి. లేత వయసు పనిచెదలు దాన్ని తిని, పాత మడిమీది బూజు గింజల్ని కూడా తిని, రెండూ కలిపి కొత్త మడిమీద విసర్జిస్తాయి. అంటే ఎరువు చల్లడం, విత్తనం వేయడం ఒకేసారి జరిగిపోతాయి. కొద్ది రోజుల్లో మడిమీద ఆవగింజల్లా తెల్లటి గుండ్రటి గింజలు వస్తాయి. ఆ బూజు పేరు టెర్మిటోమైసిస్. దాన్ని 1942లో ప్రత్యేక ప్రజాతిగా గుర్తించి ఆ పేరు పెట్టినవాడు ఫ్రాన్సు శాస్త్రవేత్త రోజే హైమ్. ఆయన పేరునే మోస్తున్న టెర్మిటోమైసిస్ హైమీ అనే రకాన్ని 1979లో దక్షిణ భారతంలోనే గుర్తించారు. కట్టెలో గట్టిగా ఉండి ఎవరికీ అరగని లిగ్నిన్‌ను ఆ బూజు విరగ్గొడుతుంది. మెత్తబడిన పాత మడిని పెద్ద వయసు పనిచెదలు కింది నుంచి తింటూ వస్తాయి. పైన కొత్త పొర, కింద కోత.

ఇది తెలిశాక చెద మీద కోపం తగ్గకపోవచ్చు గానీ దాని తీరు మారుతుంది. గొడ్ల కొట్టం గుంజను చెద తిన్నదంటే అది ఆకలికి తిన్నది కాదు, మడికి ఎరువు తోలుకుంది. (ఇళ్లల్లో దర్వాజలకు పట్టే చెదలన్నీ సేద్యగాళ్లు కావు. కట్టెనే నేరుగా అరిగించుకునే జాతులు వేరే ఉన్నాయి. వాటికి ఈ గౌరవం ఇవ్వనక్కర్లేదు.)

లోకంలో ఇలా సేద్యం చేసే చెదలు దాదాపు 330 జాతులు. ఆఫ్రికాలో మొదలుపెట్టి ఆసియాకు వచ్చాయి. మొదలుపెట్టి సుమారు మూడు కోట్ల ఏళ్లు. ఒక పుట్టలో ఒకే రకం బూజు, అదీ ఒకే వంశానిది. పత్తి మీద పత్తి వేస్తే నాలుగేళ్లకే నేల ఏమవుతుందో తెలిసిన రైతుకు ఈ లెక్క నమ్మశక్యం కాదు.

కాకినాడలో కన్నుమూసిన పరిశోధకుడు

చెదల సేద్యాన్ని మొట్టమొదట పసిగట్టిన శాస్త్రవేత్త మట్టి తెలుగునేలలోనే కలిసింది. ఆ సంగతి తెలుగువాళ్లకు పెద్దగా తెలియదు.

జోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1728లో బాల్టిక్ ప్రాంతంలో పుట్టాడు. మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి నేర్పిన లిన్నేయస్ దగ్గర చదువుకున్నాడు. 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి డేనిష్ మిషన్ వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువులో, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీలో పనిచేశాడు. తంజావూరు సీమలో పుట్టల్ని తవ్వించి చూశాడు. లోపలి బూజు మడుల్ని, వాటిమీది తెల్ల గింజల్ని, తొలి వానలకు రెక్కలతో లేచే ఉసిళ్లను, వాటిని పట్టుకుని జనం వేయించుకు తినడాన్ని కూడా రాశాడు. ఆ వ్యాసం 1779లో బెర్లిన్‌లో జర్మన్ భాషలో అచ్చయింది. మడిమీది బూజు చెద పిల్లలకు తిండి కావచ్చునని ఆయన ఊహించాడు. రెండేళ్ల తర్వాత ఆఫ్రికా చెదల గురించి లండన్‌లో రాసిన హెన్రీ స్మీత్‌మన్ కూడా కోనిగ్ ఊహను ప్రస్తావించాడు. నికరాగువా చీమల గురించి బెల్ట్ రాయడానికి 95 ఏళ్ల ముందు మాట ఇది. కీటకాల సేద్యం కథ చెప్పేవాళ్లు చాలామంది బెల్ట్‌తో మొదలుపెడతారు. కోనిగ్‌తో మొదలుపెట్టడమే న్యాయం.

చివరి ఏళ్లలో కలకత్తా ప్రయాణాల మధ్య ఆయన విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్‌ను కలిశాడు. కోరమాండల్ తీరపు పాముల మీద గొప్ప పుస్తకం రాసి, రక్తపింజరికి ఇంగ్లీషులో తన పేరు మిగుల్చుకున్న రస్సెల్ ఆయనే. పుట్టల మనిషి, పాముల మనిషి ఒకచోట కూర్చున్నారన్నమాట. 1785లో కోనిగ్‌కు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ వైద్యం చేసినా నిలవలేదు. ఆ జూన్ 26న కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. జూన్ అంటే ఉసిళ్లు లేచే కాలం.

వాసన పట్టే కలుపుగత్తెలు

కోనిగ్ చూడనిది, ఆ తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోనిది, మడిలోని రెండో బూజు. పేరు సూడోజైలేరియా. చీమల తోటలోని ఎస్కోవోప్సిస్‌లా ఇది పంటను నేరుగా పీక్కుతినే రకం కాదు. పత్తిలో తుంగలాంటిది. పంట తినే ఎరువునే తానూ తింటుంది. బతికున్న పుట్టలో తవ్వి చూస్తే ఇది కంటికి కనబడదు. మడిలో ఉంటుంది, కానీ తల దాచుకుని ఉంటుంది. అదే మడి ముక్కను తీసి, చెదల్ని దులిపేసి, ఒక డబ్బాలో పెట్టండి. కొద్ది రోజులకే టెర్మిటోమైసిస్ జాడ లేకుండా పోయి, ముక్కంతా కలుపు బూజు అల్లుకుంటుంది. గింజ ఎప్పుడూ నేలలోనే ఉంది. కూలి మానేసిన రోజు బయటపడింది.

మరి ఆ కూలి ఎలా చేస్తున్నాయి? పుట్ట లోపల చీకటి. పనిచెదలకు కళ్లు లేవు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రెనీ బోర్జెస్ బృందం ఒడొంటోటెర్మిస్ ఒబెసస్ మీద ఈ ప్రశ్నే వేసుకుంది. లక్ష్య కటారియా, మరికొందరు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో జవాబు ఉంది. పంట బూజు, కలుపు బూజు ఎదురుగా పెడితే చెదలు కలుపును ఎంచి మరీ మట్టితో పూడ్చేశాయి. రెండింటికీ తేడా పట్టించింది వాసన. ఆ వ్యాసం రాసినవారి జాబితాలో దేశిరెడ్డి అనే తెలుగు ఇంటిపేరూ కనిపిస్తుంది.

వరి నాట్లు పడ్డాక కలుపుకు పోయే ఆడవాళ్లను అడిగితే ఊదర గడ్డిని వరి పిలకల్లోంచి ఎలా వేరు చేస్తారో చెబుతారు: ఆకు మొదట్లో చేయి తగిలితే చాలు. చూసి పట్టేది తక్కువ, తగిలి పట్టేది ఎక్కువ. గడ్డిమందు డబ్బాలు వచ్చాక ఆ వేలికొసల విద్య తగ్గిపోతోంది. పుట్టలో మాత్రం ఇంకా చేతి కలుపే.

మొహాలీలోని భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థలో రితోబన్ రాయచౌధురి బృందం ఈ కథను ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లింది. ఇదే చెద గూళ్లలో దొరికిన సూడోమోనాస్ బాక్టీరియా కలుపు బూజును అణచి, పంట బూజు జోలికి పోదని 2022లో చూపించారు. 2025లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వాళ్ల వ్యాసం ఇంకా ఆసక్తికరం. కలుపు కొద్దిగా ఉంటే చెదలు ఆ ముక్కను మడిలోంచి తీసి విడిగా మట్టిలో కప్పెడతాయి. కలుపు ముదిరితే మడి మొత్తానికే మట్టి ఉండలతో గోడ కట్టి మిగతా మడుల నుంచి వెలివేస్తాయి. ఆ ఉండలు వట్టి మట్టి కాదు. బూజు ఎదుగుదలను ఆపే సూక్ష్మజీవులు కలిసిన మట్టి. ఆఫ్రికాలో మరో చెద జాతి గూళ్లలోనూ బాసిల్లస్ బాక్టీరియా ఇలాంటి కాపలాయే కాస్తుందని 2013లో తేలింది.

రామన్నపేట మండలంలో కంది వేసే రైతుకు ఈ మట్టి ఉండల కిటుకు కొత్తేమీ కాదు. ఎండు తెగులు తగలకుండా ఎకరాకు రెండు కిలోల ట్రైకోడెర్మా పొడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో వారం పది రోజులు తడి ఆరకుండా ఉంచి చల్లుకోమని వ్యవసాయాధికారులు చెబుతూనే ఉంటారు. మంచి బూజును మట్టిలో పెంచి, చెడ్డ బూజు మీదికి తోలడం. తేడా ఒక్కటే, చెద ఆ ఎరువును ఎవరూ చెప్పకుండానే వేళకు వేస్తుంది.

పుట్ట నిలువు మడతలకూ ఈ సేద్యంతో లంకె ఉంది. మడికి ఉక్క కావాలి, తేమ కావాలి, కానీ లక్షల ప్రాణాలు ఊపిరి విడిచే చోట గాలి మారకపోతే అందరూ చస్తారు. హంటర్ కింగ్, శామ్యూల్ ఓకో, మహదేవన్ బెంగళూరులో ఒబెసస్ పుట్టల్లోకి గాలి కొలిచే సాధనాలు దించి 2015లో తేల్చిన సంగతి: పగలు అంచుల మడతలు వేడెక్కి వాటిలో గాలి పైకి, నడి గొట్టంలో కిందికి తిరుగుతుంది. రాత్రి చల్లబడగానే దారి తిరగబడుతుంది. కరెంటు బిల్లు లేని ఫ్యాను.

పోయిన పుట్ట

పుట్టకు మొక్కడం ఈ నేల మీద పాత అలవాటు. నాగుల పంచమికి పాలు పోస్తారు. పెళ్లికి పుట్టమన్ను తెస్తారు. ఇదే జిల్లాలో యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాలు పుట్టమన్ను తెచ్చి నవధాన్యాలు మొలకెత్తించే అంకురారోపణంతో మొదలవుతాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు నీటి జాడకు పుట్టను గురుతుగా చెప్పాడు. బోర్ల మీద బోర్లు వేసి అప్పులపాలైన ఈ జిల్లాలో ఆ శాస్త్రాన్ని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఇన్ని మర్యాదల్లోనూ ఒక్కటి కూడా కట్టినవాళ్ల పేరు మీద లేదు. పాలు పాముకు, మన్ను దేవుడికి.

ఇప్పుడు చెలకలు ప్లాట్లవుతున్నాయి. జేసీబీ ఒక్క విసురుతో పుట్టను చదును చేస్తుంది. చెదల మందు పోసినా, ముసలి రాణి చచ్చి కొత్త రాణి నిలదొక్కుకోకపోయినా ఫలితం ఒకటే. లోపల మడులు మిగులుతాయి, రైతు మిగలదు. ఏళ్ల తరబడి తల దాచుకున్న బూజు అప్పుడు తలెత్తుతుంది. ఎవరూ లేని పుట్ట పగుళ్లలోంచి వానాకాలంలో అగ్గిపుల్లల్లా, నల్లటి వేళ్లలా సన్నటి కాడలు బయటికి వస్తాయి. తెల్ల గొడుగుకు బదులు నల్ల వేలు. పుట్ట మీద అవి కనిపిస్తే లోపల కాపురం పోయిందని గుర్తు.

అయితే ఈ కలుపుకూ గిరాకీ ఉంది. సూడోజైలేరియా చుట్టమే అయిన జైలేరియా నైగ్రిపెస్ అనే రకం పాడుబడిన పుట్టల అడుగున నల్లటి గడ్డలు కడుతుంది. కేరళలో వాటిని నిలమాంగ, అంటే నేలమామిడి అని తవ్వి తీసి నాటు వైద్యంలో వాడతారు. చైనాలో అదే బూజును వూ లింగ్ షెన్ అంటారు. దాన్ని పులియబెట్టి తయారుచేసిన గొట్టాల మందును అక్కడ నిద్రపట్టనివాళ్లకు ఇస్తారు. పుట్టగొడుగును షెడ్డులో పండించలేని మనిషి, దాని కలుపును మాత్రం ట్యాంకుల్లో పండిస్తున్నాడు.

పంట సంగతికొస్తే, తువ్వాలలో మూటకట్టుకుపోయే ఆ మొగ్గల వెనుక ఒక చిన్న పోటీ నడుస్తుంటుంది. మిరుగుకు లేచిన ఉసిళ్లలో ఎక్కువ భాగం కాకులకు, కప్పలకు, వీధిలైటు కింద పళ్లెంలో నీళ్లు పెట్టి కూర్చున్న పిల్లలకు పోగా, మిగిలిన జంటలు రెక్కలు విదిల్చుకుని నేలలోకి దిగుతాయి. చాలా చెద జాతుల్లో, ఒడొంటోటెర్మిస్‌లోనూ, ఆ జంట పుట్టింటి నుంచి విత్తనం తెచ్చుకోదు. ఆకుకత్తెర రాణిచీమ తల్లి తోటలోంచి ఒక బూజు ముద్దను నోటి సంచిలో పెట్టుకుని ఎగురుతుంది. చెద రాణి వట్టి చేతుల్తో వస్తుంది. కొన్ని వారాలకు దాని మొదటి కాన్పు పనిచెదలు కన్నం తవ్వుకుని బయటికి వచ్చి, రాలిన ఆకుల మీద పడిన టెర్మిటోమైసిస్ బీజాల్ని వెతుక్కుంటాయి. ఆ బీజాలు రాలేది పూర్తిగా విచ్చుకున్న గొడుగుల నుంచే. మనుషులకు కావలసింది మొగ్గ. విచ్చిన గొడుగుకు పురుగు పడుతుంది, కూర రుచి పోతుందని దాన్ని గెట్టు మీదే వదిలేస్తారు. ఆ వదిలేసిన రెండు మూడు గొడుగుల కింద, ఒకటి రెండు రోజుల్లో అవి నల్లబడి కుళ్లిపోయేలోపు, ఎర్రమట్టి మీద లేత గులాబి రంగు పొడి పరుచుకుంటుంది.